మొదటి రోజు ఊహ మొదటి పేజీలో, తుది నివేదిక ఎక్కడ?

సంపాదకులు గారికి నమస్కారం.

ఎలక్ట్రిక్ కారు ప్రమాదంలో ఎవరో చనిపోయారన్న వార్త వచ్చిన గంటలోపే కారణం కూడా తేలిపోతోంది. పోస్టుమార్టం కాకముందే, బండిని ఎవరూ పరీక్షించకముందే. బ్యాటరీ పేలిందని ఒకరు, డోర్లు లాక్ అయిపోయాయని ఇంకొకరు, కారు తనంతట తానే నడుస్తోందని మరొకరు, కాదు కంపెనీయే డేటా చెరిపేసిందని వేరొకరు. ఈ మాటలు వాట్సాప్‌లో తిరగడం ఒక ఎత్తు, అవే మాటల చివర "అని సమాచారం" అని చేర్చి మర్నాడు పేపర్లో వేయడం ఇంకో ఎత్తు. మీ పేపర్ ఒక్కదాన్నే అనడం లేదు. చాలా పేపర్లు, చానెళ్లు చేస్తున్నది ఇదే, అందుకే ఈ ఉత్తరం.

టెక్సాస్‌లో జరిగిన ఒక ప్రమాదం సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే దాని గురించి ఇప్పటికీ చాలామందికి తెలిసింది మొదటి సగమే. 2021 ఏప్రిల్ 17 రాత్రి 9 దాటాక, హ్యూస్టన్‌కి ఉత్తరాన స్ప్రింగ్ అనే చోట ఇళ్ల మధ్య ఉన్న రోడ్డు మీద 2019 నాటి టెస్లా మోడల్ ఎస్ కారు మలుపు దగ్గర రోడ్డు దిగిపోయి, చెట్టును గుద్దుకుని కాలిపోయింది. లోపల ఉన్న ఇద్దరూ పోయారు, ఒకాయనకు 59 ఏళ్లు, ఇంకొకాయనకు 69. ఒకరి శవం ముందు పక్క సీట్లో, కారు ఓనరుది వెనక సీట్లో దొరికింది. డ్రైవర్ సీటు ఖాళీ. అక్కడి పోలీసు అధికారి ఆ సమయంలో స్టీరింగ్ దగ్గర ఎవరూ లేరని దాదాపు ఖాయంగా చెప్పేశారు. అంతే, "డ్రైవర్ లేకుండా నడిచిన టెస్లా, ఇద్దరు మృతి" అని ప్రపంచమంతా పాకింది. హ్యూస్టన్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఇక్కడి ఇళ్లల్లో కూడా అదే మాట.

ఆ తర్వాత జరిగింది ఇంకా గమనించాల్సిన విషయం. నాలుగైదు రోజుల్లోనే అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ తన సొంత ట్రాక్ మీద ఒక టెస్లాను డ్రైవర్ సీట్లో ఎవరూ లేకుండా నడిపించి చూపించింది. స్టీరింగ్‌కి బరువు తగిలిస్తే, సీటు బెల్టు పెట్టి ఉంచితే ఆటోపైలట్, అంటే టెస్లాలోని డ్రైవర్ సహాయక ఏర్పాటు, మోసపోతుందని వాళ్లు నిరూపించారు. అది అవసరమైన పరీక్షే, మంచి పనే. కానీ "అలా చేయడం సాధ్యం" అన్నది జనం నోట్లో పడి "అక్కడ అలాగే చేశారు" అయిపోయింది. నా దృష్టిలో ఆ రోజు జరిగిన అసలు తప్పు ఇదే, పైగా ఇది చదువుకున్నవాళ్లు, ఇంజినీర్లు కూడా చేసిన తప్పు. ఇంకోవైపు టెస్లా అధినేత ఎలాన్ మస్క్ రెండు రోజులకే ట్విట్టర్లో, తమకు దొరికిన డేటా ప్రకారం ఆటోపైలట్ ఆన్‌లో లేదని రాశారు. కంపెనీ అభిమానులకు అదే తీర్పు, కంపెనీ అంటే పడనివాళ్లకు అదే అబద్ధం. సొంత కారు గురించి సొంత కంపెనీ చెప్పే మాట సాక్ష్యంలో ఒక ముక్క అవుతుంది తప్ప తీర్పు ఎలా అవుతుంది?

మంట గురించి కూడా అంతే. ఆర్పడానికి నాలుగు గంటలు పట్టిందని, 30,000 గ్యాలన్ల నీళ్లు పోశారని పేపర్లలో రాశారు. తర్వాత అక్కడి ఫైర్ చీఫ్ చెప్పింది వేరు. అసలు మంట కొద్ది నిమిషాల్లోనే అదుపులోకి వచ్చింది, ఆ తర్వాత గంటల తరబడి పోసిన నీళ్లు బ్యాటరీ మళ్లీ రాజుకోకుండా చల్లబరచడానికి. లిథియం బ్యాటరీ ఆరినట్టే ఆరి మళ్లీ అంటుకుంటుంది, అది నిజమైన ప్రమాదమే, ఫైర్ సిబ్బందికి దీనివల్ల ఉన్న ముప్పు మీద అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు, అంటే ఎన్‌టీఎస్‌బీ, 2020లోనే ఒక నివేదిక ఇచ్చింది. ఉన్న ప్రమాదం ఉన్నట్టు చెబితే చాలు కదా, నాలుగు గంటల మంట అని పెంచి చెప్పడం ఎందుకు?

ఈ ప్రమాదాన్ని కూడా ఆ బోర్డే దర్యాప్తు చేసింది. నెల తిరగకముందే, 2021 మేలో, మొదటి నివేదిక ఇచ్చింది. ఓనరు ఇంటి కెమెరాలో ఆయన డ్రైవర్ సీట్లోనే ఎక్కి కూర్చోవడం కనబడింది! అంటే అందరూ కొట్టుకుంటున్న ప్రశ్నకు సగం జవాబు అప్పుడే వచ్చేసింది. తర్వాత వాళ్లు అదే రోడ్డు మీద అలాంటిదే ఇంకో కారును నడిపి చూశారు, అక్కడ లేన్ గీతలు లేవు కాబట్టి స్టీరింగ్‌ను తిప్పే ఆటోస్టీర్ ఆన్ కాలేదు. కాలిపోయిన కారులోంచి డేటా రికార్డర్ తీశారు. అందులో యాక్సిలరేటర్‌ను దాదాపు పూర్తిగా, 98.8 శాతం వరకు తొక్కినట్టు ఉంది. ఇంటి దగ్గర బయలుదేరి రోడ్డు దిగేదాకా కారు వెళ్లింది సుమారు 550 అడుగులే, ఆ కాస్త దూరంలోనే వేగం గంటకు 67 మైళ్లకు, అంటే దాదాపు 108 కిలోమీటర్లకు చేరింది. వంగిపోయిన స్టీరింగ్ చక్రాన్ని బట్టి డ్రైవర్ సీట్లో మనిషి ఉన్నాడని తేల్చారు, గుద్దుకున్నాక ఆయన వెనక సీట్లోకి జరిగి ఉంటాడని చెప్పారు. తుది నివేదిక 2023 ఫిబ్రవరిలో వచ్చింది. కారణం: మద్యం మత్తు, దానికి తోడు మగత తెచ్చే అలర్జీ మందులు, వాటివల్ల విపరీతమైన వేగం, బండి అదుపు తప్పడం. అంతే. కారు తనంతట తాను నడవలేదు.

ఈ చివరి వార్త మన పేపర్లలో ఎక్కడైనా వచ్చిందా? నాకైతే కనబడలేదు. మొదటి రోజు ఫొటోతో సహా అంత చోటిచ్చి, ఇరవై రెండు నెలల తర్వాత నిజం తేలితే నాలుగు లైన్లు కూడా ఇవ్వకపోతే ఎలా? కొత్తగా ఎలక్ట్రిక్ కారు కొనే మనిషికి ఆ ప్రమాదం నుంచి పనికొచ్చే విషయాలు రెండున్నాయి. తాగి నడపకూడదన్నది ఒకటి, ఈ బండి యాక్సిలరేటర్ మీద కాలు పెట్టగానే క్షణాల్లో వేగం అందుకుంటుంది కాబట్టి అలవాటయ్యేదాకా ఇళ్ల మధ్య మరీ జాగ్రత్తగా ఉండాలన్నది రెండోది. ఆ రెండూ జనానికి చేరలేదు. డ్రైవర్ లేని కారు అన్న భయం మాత్రం మిగిలింది.

నేను కంపెనీల తరఫున మాట్లాడుతున్నానని అనుకోవద్దు. 2016లో ఫ్లోరిడా, విల్లిస్టన్‌లో, 2018లో కాలిఫోర్నియా, మౌంటెన్ వ్యూలో జరిగిన ప్రమాదాల్లో ఆటోపైలట్ నిజంగానే ఆన్‌లో ఉంది, అదే బోర్డు డ్రైవర్ల అజాగ్రత్తతో పాటు ఆ ఏర్పాటులోని లోపాలనూ ఎత్తి చూపింది. చైనాలో 2025 మార్చి 29 రాత్రి అన్‌హుయ్ ప్రాంతంలో షావొమీ ఎస్‌యూ7 కారు కాంక్రీటు గోడను గుద్దుకుని కాలిపోయి ముగ్గురు అమ్మాయిలు చనిపోయారు. కంపెనీ విడుదల చేసిన వివరాల ప్రకారమే కారు 116 కిలోమీటర్ల వేగంతో డ్రైవర్ సహాయక ఏర్పాటు మీద నడుస్తోంది, రోడ్డు పనులు జరుగుతున్న చోట హెచ్చరిక వచ్చింది, డ్రైవర్ స్టీరింగ్ అందుకున్నా కొద్ది సెకన్లలోనే అంతా అయిపోయింది. ఏప్రిల్‌లో అక్కడి పరిశ్రమల శాఖ కార్ల కంపెనీలను పిలిచి, ప్రకటనల్లో కారు తనే నడుపుకుంటుందన్న అర్థమొచ్చే మాటలు వాడొద్దని కట్టడి చేసింది. ఒక చోట తప్పు మత్తుది, ఇంకో చోట యంత్రానికీ వాటా ఉంది. రెండూ దూరం నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి, చెట్టో గోడో, కాలిపోయిన కారు. తేడా తెలిసింది డేటా బయటికి తీస్తేనే.

మన దగ్గర సంగతి ఇంకా బాధగా ఉంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్‌లో మంటలంటుకుని పైనున్న లాడ్జిలో 8 మంది పోయారు. ఆ ఏడాది కేంద్రం నిపుణులతో పరిశీలన చేయించి బ్యాటరీ పరీక్షల నిబంధనలను కఠినం చేసింది, ఏఐఎస్-156 సవరణ అదే. ఎండ వల్లనే పేలాయి, చైనా సరుకు వల్లనే పేలాయి అని టీ కొట్ల దగ్గర వాదించుకుంటూ కూర్చుంటే ఆ మార్పు వచ్చేది కాదు. అయినా విమాన ప్రమాదానికి ఏఏఐబీ అనే దర్యాప్తు సంస్థ ఉంది, రైలు ప్రమాదానికి రైల్వే సేఫ్టీ కమిషనర్ ఉన్నారు, 2022 ఒక్క ఏడాదిలో 1,68,491 మందిని పొట్టన పెట్టుకున్న రోడ్లకు మాత్రం కారణం తేల్చి నివేదికను జనం ముందు పెట్టే అలాంటి స్వతంత్ర సంస్థ ఇప్పటికీ లేదు. ఎఫ్‌ఐఆర్, బీమా, కోర్టు, అక్కడితో సరి. ఆ ఖాళీలోనే పుకార్లు పుడుతున్నాయి, దీని గురించి మీరు సంపాదకీయం రాస్తే బాగుంటుంది.

చనిపోయినవాళ్ల ఇంట్లోవాళ్లు కూడా ఇవన్నీ చదువుతారండీ. వీడియో కోసం స్టంట్ చేశారట, డబ్బు మదంతో బండి వదిలేశారట అని ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసిన మాటలు ఆ ఇళ్లల్లోని పిల్లల ఫోన్లలోకి కూడా వస్తాయి. దర్యాప్తులో నిజంగానే మృతుడి తప్పు తేలినా సరే, అది నివేదిక చెప్పాలి, మనం కాదు.

కాబట్టి నేను అడిగేది ఇది. మొదటి రోజు వార్తలో ఏది పోలీసులు చెప్పారో, ఏది కంపెనీ చెప్పిందో, ఏది పక్కింటివాళ్లు చెప్పారో విడివిడిగా రాయండి, ఊహను హెడ్డింగులో పెట్టకండి. దర్యాప్తు ఎవరు చేస్తున్నారో అదే వార్త కింద వేయండి. నివేదిక వచ్చిన రోజున, అది ఏడాది తర్వాతైనా రెండేళ్ల తర్వాతైనా, మొదటి వార్త వచ్చిన పేజీలోనే అంతే చోటిచ్చి వేయండి. టెక్సాస్ నివేదిక ఎన్‌టీఎస్‌బీ వెబ్‌సైట్‌లో ఎవరైనా చదువుకునేలా ఉంది, ముందు దాంతోనే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
మీ పాఠకుడు, హైదరాబాద్