ఆపరేషన్ అయింది, రిపోర్టు కూడా వచ్చింది, అందరికీ థాంక్స్

క్యాన్సర్ రాకముందే, ముందుజాగ్రత్తగా అండాశయాలు, వాటి నుంచి గర్భసంచికి వెళ్లే ఫెలోపియన్ ట్యూబులు తీయించుకున్నాను. ఇంట్లోనే కోలుకుంటున్నా. తీసిన భాగాల్ని పరీక్షించిన పాథాలజీ రిపోర్టులో క్యాన్సర్ కణాలేవీ లేవన్నారు. ఫోన్ చేసి అడుగుతున్నవాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడే రాస్తున్నా.

ముందుగా మా పెద్దమ్మకి. అమ్మ అండాశయ క్యాన్సర్‌తో పోయింది, పెద్దమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చి నయమైంది. జన్యు పరీక్ష ముందు జబ్బు వచ్చినవాళ్లకి చేస్తే ఇంట్లో ఏ లోపం ఉందో సరిగ్గా తెలుస్తుందని చెప్పగానే, ఈ వయసులో నాకెందుకే అనకుండా రక్తం ఇచ్చింది. ఆవిడకి బీఆర్‌సీఏ1 అనే జన్యువులో లోపం బయటపడింది కాబట్టే నాలోనూ చెల్లిలోనూ సరిగ్గా దాని కోసమే వెతికారు. అమ్మానాన్నల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగం. నాకొచ్చింది, చెల్లికి రాలేదు, నాకంటే అదే ఎక్కువ ఏడ్చింది.

తర్వాత మా జెనెటిక్ కౌన్సెలర్‌కి. బీఆర్‌సీఏ1 లోపం ఉన్న ఆడవాళ్లలో జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 60 శాతం పైనే, అండాశయ క్యాన్సర్‌కి 39 నుంచి 58 శాతం దాకా. మామూలుగా అయితే ఈ రెండోది ఒక శాతం పైచిలుకే. ఆ అంకెలు చూసి నేను అన్నీ రేపే తీసేయండి అంటే, ఆవిడ నవ్వి, ముందు కూర్చోండి, ఇది రేపటి పని కాదు అన్నారు. రొమ్ములకైతే ఏటా ఎమ్మారై, మామోగ్రామ్ ఉన్నాయి, అండాశయాలకి మాత్రం ముందే పసిగట్టే నమ్మకమైన పరీక్ష లేదు, స్కానింగూ సీఏ-125 రక్తపరీక్షా ఆ పని చేయలేవు. అందుకే పిల్లలు చాలనుకున్నాక, 35-40 మధ్యలో ఈ ఆపరేషన్ చేయించుకోమంటారట. నాకు ముందు ఇది, రొమ్ముల సంగతి తీరిగ్గా ఆలోచిద్దాం అన్న లెక్క అలా కుదిరింది. ఆ తీరిక ఇచ్చినందుకే ఆవిడకి దణ్ణం.

మా సర్జన్ గారు ఏదీ దాచలేదు. ప్రమాదం బాగా తగ్గుతుంది కానీ సున్నా కాదు, కడుపు లోపలి పొరలో అరుదుగా రావచ్చు అన్నారు. ముట్లు ఒక్కసారిగా ఆగిపోతాయి, ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, తర్వాత ఎముకలు, గుండె, అన్నీ ముందే చెప్పారు. నాకు రొమ్ము క్యాన్సర్ రాలేదు కాబట్టి మామూలుగా ముట్లు ఆగే వయసు వరకు హార్మోన్లు ఇస్తారు. అయినా ఆవిర్లు వస్తూనే ఉన్నాయి, ఫ్యాన్ కింద నుంచి కదలట్లేదు, ఇంట్లో మిగతావాళ్లు దుప్పట్లు కప్పుకుని తిరుగుతున్నారు పాపం.

ముఖం కూడా చూడని ఆ పాథాలజీ డాక్టరు గారికీ థాంక్స్. ఈ రకం క్యాన్సర్లు ఎక్కువగా ట్యూబు చివర కుచ్చులా ఉండే చోట మొదలవుతాయట, అందుకని ఆ భాగాన్ని సన్నటి ముక్కలుగా కోసి మొత్తం మైక్రోస్కోపు కింద చూస్తారు. అలా చూశాకే లేదన్నారు కాబట్టి నాకు నిద్ర పట్టింది.

రోగం రాకముందే కోయించుకోవడమేంటి అని వచ్చినవాళ్లందరికీ హాల్లోనే జవాబు చెప్పి, నా గది దాకా రానివ్వని మా అత్తయ్యకి ఎంత చెప్పినా తక్కువే.

చివరగా పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య. ఇది ఆడవాళ్ల గొడవ కదా అనేవాడు, మగవాళ్లకీ ఉంటుంది, వాళ్ల నుంచి కూతుళ్లకీ వస్తుంది అని తెలిశాక నిన్న వెళ్లి రక్తం ఇచ్చొచ్చాడు. సూదంటే ఆమడ దూరం పరిగెత్తే మనిషి. రిజల్ట్ ఇంకా రాలేదు, వాడికి ఫోన్ చేసి విసిగించకండి.