టీచరు తన పాఠాన్ని తానే చూసుకునే వీలు కల్పించాలి

సంపాదకుల వారికి నమస్కారం.

బడుల్లో సీసీ కెమెరాలు బిగించడం గురించి, పరీక్ష హాళ్లలో వాటితో నిఘా పెట్టడం గురించి మీ పత్రికలో తరచుగా చదువుతున్నాను. కెమెరా అంటే తప్పు చేసినవాళ్లను పట్టుకునే పరికరం అన్న అభిప్రాయమే ఇలాంటి ఏర్పాట్లన్నిటి వెనుకా కనిపిస్తోంది. ఉపాధ్యాయ శిక్షణలో దాదాపు ముప్పై ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని నేను. అదే పరికరం బోధనను మెరుగుపరచుకోవడానికీ, పిల్లల ప్రవర్తనను అర్థం చేసుకోవడానికీ ఎంతగానో పనికివస్తుందనీ, ఆ ఉపయోగాన్ని మనం దాదాపుగా వదిలేశామనీ మనవి చేయడానికి ఈ లేఖ రాస్తున్నాను.

1990ల చివర్లో మా శిక్షణ సంస్థకు ఒక వీడియో కెమెరా వచ్చింది. పాడైతే ఎవరు బాధ్యులన్న భయంతో అది ఎక్కువ కాలం బీరువాలోనే ఉండిపోయింది. ఒకసారి మాత్రం, ఐదో తరగతి పిల్లలకు నేను భిన్నాల పాఠం చెబుతుంటే ఒక సహోద్యోగి వెనక నిలబడి రికార్డు చేశారు. సాయంత్రం దాన్ని టీవీకి కలిపి చూసుకున్నాను. ప్రశ్న వేశాక పిల్లలకు ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలని అప్పటికి ఎన్నో బ్యాచ్‌ల ఛాత్రోపాధ్యాయులకు (టీచరు శిక్షణ పొందుతున్నవారికి) నేర్పినదాన్ని. తెర మీద చూస్తే, ప్రశ్న వేసిన మరుక్షణమే జవాబులో సగం నేనే అందించేస్తున్నాను. ఎడమ వరుసలో చివరన కూర్చున్న ఒక పాప మూడుసార్లు చెయ్యెత్తి, మూడుసార్లూ దించేసింది. పాఠం చెబుతున్నంతసేపూ ఆ చెయ్యి నా కంట పడలేదు. నా పాఠాన్ని అంతకుముందు ఎందరో అధికారులు పరిశీలించారు, మంచి మాటలే రాశారు. వాళ్లెవరూ చెప్పని సంగతి ఆ నలభై నిమిషాల క్యాసెట్ చెప్పింది.

ఇది నా ఒక్కదాని లోపం కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త సైన్సు తరగతులను టేపు మీద రికార్డు చేసి విన్నప్పుడు, ప్రశ్నకూ తర్వాతి మాటకూ మధ్య టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. ఆ వ్యవధిని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు నిడివిలోనూ ఆలోచనలోనూ పెరిగాయి, అసలు నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడసాగారు. ఒక సెకనుకూ మూడు సెకన్లకూ ఉన్న తేడా, పాఠంలో మునిగి ఉన్న టీచరు చెవికి అందేది కాదు, వెనక బెంచీలో కూర్చుని పరిశీలక పట్టిక నింపే అధికారికీ అందదు.

వీడియోతో టీచర్లకు శిక్షణ ఇవ్వడం కొత్తేమీ కాదు. సూక్ష్మబోధన 1963 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ అలెన్ బృందం చేతిలో రూపుదిద్దుకుంది. కొద్దిమంది పిల్లలకు కొద్ది నిమిషాల పాఠం చెప్పి, దాని రికార్డింగు చూసుకుని, లోపాలు సరిదిద్దుకుని మళ్లీ చెప్పడమే అందులోని ప్రాణం. మన దేశంలో వీడియో పరికరాలు అందుబాటులో లేని రోజుల్లో, ఎన్‌సీఈఆర్‌టీ వంటి సంస్థలు దాన్ని మన పరిస్థితులకు తగినట్టు మలిచాయి: తోటి ఛాత్రోపాధ్యాయులే విద్యార్థులుగా కూర్చుంటారు, ఒకరిద్దరు పరిశీలకులు పట్టిక నింపుతారు, 6 నిమిషాల బోధన, 6 నిమిషాల చర్చ, 12 నిమిషాల పునఃప్రణాళిక, 6 నిమిషాల పునర్బోధన, మళ్లీ 6 నిమిషాల చర్చ, మొత్తం 36 నిమిషాలు. ఆనాటికి అది మెచ్చుకోదగిన సర్దుబాటే. కానీ ఇప్పుడు ప్రతి ఛాత్రోపాధ్యాయుడి జేబులోనూ కెమెరా ఉంది. అయినా చాలా కళాశాలల్లో సూక్ష్మబోధన అంటే పై బ్యాచ్ వాళ్ల రికార్డు పుస్తకం తెచ్చి, అందమైన దస్తూరితో తిరిగి రాయడంగానే మిగిలిపోయింది. పునర్బోధన జరగనే జరగదు, దాని మార్కులు మాత్రం పడతాయి. ఇది చూస్తూ ఉద్యోగం చేసినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కాగితం మీద రాసుకున్నదానికీ గదిలో జరిగేదానికీ ఎంత దూరముంటుందో తెలియాలంటే వివిధ దేశాల పిల్లల గణిత, సైన్సు చదువును పోల్చే టిమ్స్ అనే అంతర్జాతీయ కార్యక్రమంలో భాగంగా 1995లో జరిగిన వీడియో అధ్యయనాన్ని చూడాలి. జేమ్స్ స్టిగ్లర్ నాయకత్వంలో జర్మనీ, జపాన్, అమెరికాల్లో 231 ఎనిమిదో తరగతి గణిత పాఠాలను రికార్డు చేసి, నిమిషం నిమిషం పరిశీలించారు. గణిత బోధనా సంస్కరణలు తమ పాఠంలో ఉన్నాయని అమెరికన్ టీచర్లలో ఎక్కువమంది ప్రశ్నావళిలో రాశారు. వీడియోల్లో మాత్రం ఆ సంస్కరణలు పైపైనే కనిపించాయి. పిల్లల చేత లెక్కను ముందుగా సొంతంగా ఆలోచింపజేసే పద్ధతి జపాన్ పాఠాల్లోనే ఎక్కువగా కనిపించింది. ఆ తర్వాత 1999 అధ్యయనంలో 7 దేశాల నుంచి 638 గణిత పాఠాలు తీసుకున్నారు. ఫలితాల్లో ముందున్న దేశాలన్నీ ఒకే తీరుగా బోధించవని అందులో తేలింది, అంటే ఎవరి పద్ధతినో అరువు తెచ్చుకుంటే సరిపోదు, మన గదుల్లో ఏం జరుగుతోందో మనమే చూసుకోవాలి. ఆ రెండు జాబితాల్లోనూ భారతదేశం లేదు. తెలుగు మాధ్యమం నుంచి ఆంగ్ల మాధ్యమానికి మారిన మన ప్రభుత్వ బడుల్లో, గంట పాఠంలో పిల్లలు ఎన్ని నిమిషాలు నోరు విప్పుతున్నారు, ఏ భాషలో విప్పుతున్నారు అన్న ఒక్క ప్రశ్న తీసుకుని రెండు తెలుగు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ సంస్థలైన ఎస్‌సీఈఆర్‌టీలు ఇలాంటి అధ్యయనం చేపడితే, మాధ్యమం గురించి ఏళ్ల తరబడి సాగుతున్న వాదోపవాదాలకు కొంత ఆధారమైనా దొరుకుతుంది.

ఈ సందర్భంలో ఒక పాత సంగతి గుర్తుచేయాలి. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో నడిపిన సైట్ అనే ఉపగ్రహ టీవీ బోధన ప్రయోగంలో 6 రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు అందాయి. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి, పాఠాలు తెలుగులో వచ్చాయి. పాఠాలు ప్రసారం చేసే మన టీవీ, టీ-శాట్, ఆన్‌లైన్ పాఠాల దీక్షా పోర్టల్ అన్నీ ఆ దారిలో వచ్చినవే, వాటి మేలు నేను కాదనను. అయితే ఈ యాభై ఏళ్లలోనూ వీడియో రాజధాని నుంచి పల్లెకే ప్రయాణించింది. పల్లె బడిలోని పాఠం తెర మీదికెక్కి, దాన్ని నలుగురు టీచర్లు కూర్చుని చర్చించుకున్న సందర్భాలు అరుదు.

పిల్లల ప్రవర్తన విషయంలోనూ వీడియో కళ్లు తెరిపించింది. అల్లరి చేసిన పిల్లవాడిని టీచరు ఎలా మందలిస్తే తరగతి అదుపులో ఉంటుందో తెలుసుకోవాలని జేకబ్ కూనిన్ అనే మనస్తత్వవేత్త ఎన్నో తరగతులను వీడియో తీయించారు. 1970లో ప్రచురించిన ఫలితాలు ఆయన అనుకున్నదానికి భిన్నంగా వచ్చాయి. మందలింపు తీరులో మంచి టీచరుకూ మామూలు టీచరుకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా అంతా అల్లరి మొదలవకముందే గది నలుమూలలా కనిపెట్టుకుని ఉండటంలో, పాఠం ఆగకుండా సాగించడంలో ఉంది. ఇలాంటి పరిశోధనకు వీడియోయే ఎందుకు కావాలంటే, ఒకే దృశ్యాన్ని ఇద్దరు పరిశీలకులు విడివిడిగా చూసి గుర్తులు పెట్టి, తర్వాత పోల్చుకోవచ్చు. తేడా వస్తే వెనక్కి తిప్పి మళ్లీ చూడవచ్చు. జ్ఞాపకం మీద ఆధారపడితే ఈ వీలు లేదు.

నిఘా కెమెరాతో వచ్చిన చిక్కు ఇక్కడే. తనను ఎవరో కనిపెడుతున్నారని తెలిసిన టీచరు కొత్త పద్ధతి ప్రయత్నించడు, తప్పు చేసే సాహసం అసలే చేయడు. తరగతి గదుల్లోని కెమెరాల దృశ్యాలను తల్లిదండ్రులకు ఫోన్‌లో చూపించే పథకాన్ని ఢిల్లీ ప్రభుత్వం 2019లో మొదలుపెట్టింది. పిల్లల భద్రత కోసమన్నారు. భద్రత అవసరమే, దానికి గేటు, వరండా, ఆటస్థలం దగ్గర కెమెరాలు పెట్టవచ్చు. నేనెరిగిన ఒక పాఠశాలలో, బల్ల మీద తలవాల్చి నిద్రపోయిన పిల్లవాడి క్లిప్పును తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ పిల్లవాడు తెల్లవారుజామున పేపర్లు వేసి బడికొస్తాడని అంతమందిలో ఒక్కరూ అడిగి తెలుసుకోలేదు. తర్వాత చాలా రోజులు వాడు బడికి రాలేదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అంగీకారం తప్పనిసరి చేసింది, వారి ప్రవర్తనపై నిఘాను నిషేధించింది. నిబంధనల్లో మాత్రం విద్యాసంస్థలకు కొంత మినహాయింపు ఇచ్చారు. అందువల్ల హద్దులు మనమే గీసుకోవాలి. పరిశోధన కోసమైతే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఏడేళ్లు దాటిన పిల్లల సమ్మతిని కూడా, తల్లిదండ్రుల అంగీకారానికి అదనంగా, అడగాలంటున్నాయి. ఆ పద్ధతే బడికీ తగును. వద్దన్న పిల్లవాడిని కెమెరాకు అందని వరుసలో కూర్చోబెట్టడం ఏమంత కష్టం కాదు.

కాబట్టి రెండు రాష్ట్రాల విద్యాశాఖలకు నా విన్నపం ఇది. డీఎల్‌ఈడీ, బీఈడీ శిక్షణ కోర్సుల బోధనాభ్యాసంలో ప్రతి ఛాత్రోపాధ్యాయుడూ తన పాఠాల్లో కనీసం రెండింటిని ఫోన్‌లో రికార్డు చేసుకుని, మార్గదర్శక అధ్యాపకుడితో కలిసి చూసి, మళ్లీ బోధించాలి; రికార్డు పుస్తకానికి ఇచ్చే మార్కుల్లో సగమైనా దీనికి ఇవ్వాలి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలుసుకునే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సర్క్యులర్లు చదివే సమయం కొంత తగ్గించి, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఒక టీచరు పాఠంలోంచి పది నిమిషాలు అందరూ కలిసి చూడాలి. ఆ వీడియో మీద హక్కు ఆ టీచరుదే అయి ఉండాలి. మండల విద్యాధికారి (ఎంఈఓ) గారి తనిఖీ నివేదికకు గానీ, బదిలీకి గానీ, క్రమశిక్షణ చర్యకు గానీ దాన్ని వాడరాదని లిఖితపూర్వక ఉత్తర్వు ఉండాలి. పని పూర్తవగానే చెరిపేయాలి. ఈ హామీ లేనిదే ఏ టీచరూ మనస్ఫూర్తిగా ముందుకు రారు, రావాలని అడగడం న్యాయమూ కాదు.

ఖర్చు పెద్దగా ఉండదు. ఫోన్ నిలిపే స్టాండ్ ఒకటి, గది వెనక మూల ఒక బల్ల చాలు. మొదటి రెండు మూడు రోజులు పిల్లలు కెమెరా వైపే చూస్తారు, ఆ తర్వాత దాన్ని మరచిపోతారు. అందుకే ఆ మొదటి రోజుల రికార్డింగును పక్కన పెట్టాలి. మా జిల్లాలో ఏ శిక్షణ సంస్థ దీన్ని మొదలుపెడతామన్నా, మొదటి వారమంతా వచ్చి వాళ్లతో కూర్చుని పాఠాలు చూడటానికి సిద్ధంగా ఉన్నాను. ఛాత్రోపాధ్యాయులకు బెరుకు పోవాలి గనుక, ముందుగా తెర మీద వేయవలసిన పాఠం నాది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయ శిక్షకురాలు,
వరంగల్