లైబ్రరీని బాగుచేయండి, పుస్తకం మాత్రం అందుతూనే ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో పాత విశ్వవిద్యాలయ భవనాలను బాగుచేయాలన్న మాట వచ్చినప్పుడల్లా గోడలు, పైకప్పులు, రంగులు, దీపాల గురించే చర్చ జరుగుతుంది. అందులో లైబ్రరీ కూడా ఉంటే ‘పనులు పూర్తయ్యేదాకా మూసివేయడమైనది’ అని తలుపుకు ఒక నోటీసు అతికించి చేతులు దులుపుకుంటారు. ఒక విశ్వవిద్యాలయ లైబ్రరీలో, ఎక్కువ కాలం పుస్తకాల రాక్‌లుండే స్టాక్ సెక్షన్‌లోనే పనిచేసి రిటైరైనదాన్ని నేను. అధికారులను అడిగేది ఒక్కటే. ఏ రాక్‌లోని పుస్తకం ఎక్కడికి వెళ్తుంది, స్లిప్పు రాసిన విద్యార్థికి దాన్ని ఎవరు తెచ్చి ఇస్తారు అన్నది తేలాకే టెండర్ పిలవండి.

నేను పనిచేసిన చోట ఒకసారి పైకప్పు కారుతోందని మరమ్మతు మొదలుపెట్టారు. కారుతున్న మాట నిజమే, పని అవసరమే. కానీ కాంట్రాక్టర్ మనుషులు వచ్చి పుస్తకాలను సుతిలి తాడుతో కట్టలు కట్టి, చేతికి అందినవి అందినట్టు వరండాలో పేర్చేశారు. కట్టల మీద రాక్ నంబర్ లేదు, పుస్తకం అరలో ఎక్కడ ఉండాలో చెప్పే కాల్ నంబర్ లేదు. తాడు బిగుసుకుని పాత బైండింగుల అంచులు కోసుకుపోయాయి. దుమ్ము పడకుండా పైన ప్లాస్టిక్ పట్టా కప్పారు. వానాకాలం కదా, పట్టా లోపల చెమ్మ చేరి అడుగు వరసలకు బూజు పట్టింది. నూలు గుడ్డ కప్పి ఉంటే గాలి ఆడేది, ఇంత నష్టం జరిగేది కాదు.

చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి నిజాం కాలపు పరిపాలన నివేదికల కోసం వచ్చి కౌంటర్ దగ్గర నిలబడేది. “మేడమ్, ఇవాళైనా దొరికాయా?” అని అడిగేది. ఆ సంపుటాలు కేటలాగ్‌లో ఉన్నాయి, మా వరండాలోనే ఎక్కడో ఉన్నాయి. తీసి ఇవ్వడానికి మాత్రం దారి లేదు. చివరికి ఆ అమ్మాయి థీసిస్ గడువు పొడిగించుకుంది. అప్పటికే ఫెలోషిప్ ఆగిపోయింది. పైకప్పు బాగైంది, సంతోషమే. ఆ పిల్లకు పోయిన కాలం ఎవరు తిరిగి ఇస్తారు?

లైబ్రరీ మూస్తే అందరికీ ఒకే రకం ఇబ్బంది రాదు. గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుకునే పిల్లల పుస్తకాలు వాళ్ల సంచిలోనే ఉంటాయి. వాళ్లకు కుర్చీ, ఫ్యాను, మంచినీళ్లు కావాలి. రీడింగ్ హాల్ లేకపోతే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోతారు, లేదంటే అశోక్‌నగర్‌లో నెలకింతని కట్టి ప్రైవేటు రీడింగ్ రూములో కూర్చుంటారు. హాస్టల్లో ఉండి చదువుకునే పేద పిల్లలకు ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి ఖాళీగా ఉన్న ఒక సెమినార్ హాలును రాత్రి పూట కూడా తెరిచి ఉంచాల్సిందే. అది పెద్ద ఖర్చేమీ కాదు.

కష్టమంతా పరిశోధకులది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు మొదలుపెట్టిన గోలకొండ పత్రిక పాత సంచికలు, 1918లో ఉస్మానియా ఉర్దూ మాధ్యమంతో మొదలైనప్పుడు ఉర్దూలోకి తెచ్చిన పాఠ్యగ్రంథాలు, తాళపత్రాలు... ఇలాంటివి కోఠీ పుస్తకాల దుకాణాల్లో వెతికితే దొరికేవి కావు. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లమని కొందరు సులువుగా చెప్పేస్తారు. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన ఆ లైబ్రరీ మన నగరానికి పెద్ద ఆస్తి, నేనూ అక్కడ కూర్చుని చదువుకున్నదాన్నే. అయితే ఒక లైబ్రరీలో ఉన్నవన్నీ ఇంకో లైబ్రరీలో ఉండవు. పైగా అక్కడికి వచ్చే పాఠకులకే అక్కడి చోటు సరిపోవాలి కదా.

లైబ్రరీ నడుస్తూనే మరమ్మతు చేయడం కుదిరే పనే. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం బోడ్లియన్ లైబ్రరీలోని ఒక పెద్ద భవనాన్ని 2011లో మూసి, బాగుచేసి, 2015లో వెస్టన్ లైబ్రరీ అన్న పేరుతో తెరిచింది. అయితే భవనం మూయకముందే, 2010లోనే, స్విండన్ దగ్గర పుస్తకాల కోసం గోదాం కట్టుకున్నారు. లక్షల పుస్తకాలకు బార్‌కోడ్ అంటించి అక్కడికి తరలించారు. పాఠకుడు అడిగిన పుస్తకం వ్యాన్‌లో ఆక్స్‌ఫర్డ్‌కు వచ్చేది. మనకు అంత గోదాం అక్కర్లేదు. క్యాంపస్‌లోనే ఒక పాత బ్లాకు, ఒక ట్రాలీ ఆటో, రోజుకు రెండు ట్రిప్పులు ఉంటే చాలు. ఉదయం స్లిప్పు ఇస్తే మధ్యాహ్నానికి పుస్తకం చేతికి రావాలి.

తరలించే పనికి కూడా ఒక పద్ధతి ఉంది. ముందు ఖాళీ అరలు సిద్ధం చేసుకోవాలి. ఒక రాక్‌లోని పుస్తకాలను అదే వరసలో డబ్బాల్లో నిలువుగా పెట్టి, డబ్బా మీద మొదటి పుస్తకం కాల్ నంబర్, చివరి పుస్తకం కాల్ నంబర్ రాయాలి. అటు చేరిన రోజే అరల్లోకి ఎక్కించి, కేటలాగ్‌లో చోటు మార్చాలి. ఒక విభాగం అటు కుదురుకున్నాకే రెండో విభాగాన్ని కదపాలి. పుస్తకాలను గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఉంచాలి. మీటరు పొడవు అరలో పుస్తకాల బరువే ముప్పై కిలోల దాకా ఉంటుంది, బైండు చేసిన పత్రికలైతే ఇంకా ఎక్కువ. పాత మేడ మీది వరండాలో వేల పుస్తకాలు కుప్ప పోస్తే అది తట్టుకోగలదా అని ఎవరూ లెక్క చూడరు. ఈ తరలింపు వానల్లో వద్దు, పరీక్షల ముందూ వద్దు. కార్తీకం వచ్చాక మొదలుపెడితే ఎండాకాలం లోపల చాలా పని తెమిలిపోతుంది.

గోడల సంగతి ఇంజినీర్లే చూసుకుంటారులే అనుకోవడానికీ లేదు, ఎందుకంటే గోడ తడిస్తే ముందు పాడయ్యేవి పుస్తకాలే. పాత గోడలకు ఉండేది సున్నం గచ్చు. సున్నం చెమ్మను పీల్చుకుని మళ్లీ బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి రాక్ వెనక గోడలోకి దిగుతుంది. చెదలు పట్టేది అక్కడే. రాక్ జరిపి చూస్తే తప్ప బయటపడదు, చూసేసరికి రెండు మూడు అరలు మట్టి అయిపోయి ఉంటాయి. సున్నం పని తెలిసిన మేస్త్రీలు నగరంలో ఇంకా ఉన్నారు. వాళ్లకే ఆ పని ఇవ్వాలి.

వెల్డింగ్, వైరింగ్ పనులు నడిచే చోట పుస్తకాలు ఉండకూడదు. గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లోని ప్రసిద్ధ లైబ్రరీ 2014లో కాలిపోయింది. దాన్ని మళ్లీ మునుపటిలా కడుతుండగా 2018 జూన్‌లో ఆ భవనమే ఇంకోసారి తగలబడింది. అన్నీ ఉన్న దేశంలోనే అలా జరిగితే, రాత్రి మెయిన్ స్విచ్ ఆపే మనిషి కూడా లేని చోట ఎంత జాగ్రత్త కావాలి?

ఇంకొక్క సంగతి చెప్పాలి. లైబ్రరీ మూశారనగానే ముందు ఇంటికి పంపేది అవుట్‌సోర్సింగ్ అటెండర్లను. ‘పని లేదు, తర్వాత పిలుస్తాం’ అంటారు. కంప్యూటర్‌లో ఎక్కని పుస్తకాలు, రిజిస్టర్‌లో ఒక చోట ఉండి అరలో ఇంకో చోట ఉండే పుస్తకాలు ప్రతి పాత లైబ్రరీలోనూ ఉంటాయి. అవి ఎక్కడున్నాయో వాళ్లకే తెలుసు. మాలో ఒక అటెండర్, బైండింగ్ రంగు చెబితే చాలు, చీకటి స్టాక్‌లోకి వెళ్లి ఆ సంపుటం పట్టుకొచ్చేవాడు. అలాంటి మనిషి లేకుండా పుస్తకాలు తరలిస్తే సగం జాడ తెలియకుండా పోతాయి. పనులు జరిగినన్నాళ్లూ వాళ్లను తీసేయబోమనీ, జీతం ఆపబోమనీ, తరలింపు వాళ్ల ముందే జరుగుతుందనీ టెండర్ కాగితాల్లోనే రాయించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత గ్రంథాలయ ఉద్యోగిని, తార్నాక, హైదరాబాద్