గండికోటలో ఆ రాత్రి మా కారవాన్‌కు కరెంటు తిరిగి తెచ్చినవారికి కృతజ్ఞతలు

ఏప్రిల్ రెండో వారంలో గండికోట వద్ద మా కారవాన్‌కు (చక్రాల మీది ఇల్లు లాంటి బండికి) కరెంటు ఆగిపోయినప్పుడు జమ్మలమడుగు నుంచి రాత్రివేళ మోటారు సైకిల్ మీద వచ్చి, రెండు గంటలసేపు ఓర్పుగా లోపాన్ని వెదికి సరిచేసిన ఎలక్ట్రీషియన్ అన్నకు, ఆయన ఫోను చేయగానే మూసిన అంగడిని మళ్ళీ తెరిచి ప్లగ్గు ఇచ్చిన పెద్దాయనకు, మా అమ్మ ఇన్సులిన్‌ను తమ ఇంటి ఫ్రిజ్‌లో భద్రపరిచిన తోట కాపలాదారు కుటుంబానికి మా ఇంటిల్లిపాది తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను. పేర్లు రాయవద్దని వారు కోరారు కనుక రాయడం లేదు. ఎలక్ట్రీషియన్ అన్న చేసిన పని మాత్రం వివరంగా రాయాలి. ఇలాంటి బండ్లలో పిల్లాపాపలతో తిరిగేవారికి అది తెలియడం అవసరమని నా నమ్మకం.

మాది జీపు వెనక తగిలించుకొని లాగే చిన్న కారవాన్. అనంతపురం నుంచి బయలుదేరి, పెన్నా లోయకు కొద్ది దూరంలో ఒక తోటలో స్థలం అద్దెకు తీసుకొని నిలిపాము. తోట గదిలోని 16 ఆంపియర్ల సాకెట్టు నుంచి డ్రమ్ముకు చుట్టిన 25 మీటర్ల కేబుల్ ద్వారా బండికి కరెంటు తీసుకున్నాము. పొద్దు గూకినా రాళ్ళ వేడి తగ్గని రోజులవి. ఏసీ నడుస్తుండగానే స్నానాలకని గీజరు కూడా వేశాము. రాత్రి ఎనిమిది ప్రాంతంలో ఏసీ ఆగిపోయింది. బండిలోని దీపాలు, చిన్న ఫ్యాను 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచేవి కాబట్టి అవి యథాప్రకారం పనిచేస్తూనే ఉన్నాయి. అందువల్ల చెడిపోయింది ఏసీయే అనుకొని దాదాపు అరగంట దానితోనే గడిపాను. ఫ్రిజ్ కూడా ఆగిందని చూసిన తరువాతే బయటి కరెంటు రావడం లేదని అర్థమైంది. అందులో అమ్మ ఇంకా తెరవని ఇన్సులిన్ ఉంది. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి.

ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆపే స్విచ్చు) పడలేదు, ఆర్‌సీసీబీ (కరెంటు నేలకు లీకైతే ఆపే స్విచ్చు) కూడా పడలేదు. తోట గదిలో బల్బు వెలుగుతూనే ఉంది. టెస్టరు పెట్టి చూస్తే బండి లోపలి సాకెట్టులో ఫేజు (కరెంటు వచ్చే తీగ) రంధ్రంలోనూ, న్యూట్రల్ (కరెంటు తిరిగిపోయే తీగ) రంధ్రంలోనూ వెలిగింది. రెండింటిలోనూ కరెంటు ఉండి ఒక్క వస్తువూ పనిచేయకపోవడం ఏమిటో నాకు బోధపడలేదు. అప్పుడు అక్కడున్న ఒకరు, మంచి మనసుతోనే, ఎర్త్ తీగను న్యూట్రల్‌కు కలిపితే అన్నీ వెలుగుతాయని చెప్పారు. పల్లెల్లో నేలలో ఊచ దిగేసి మోటార్లకు న్యూట్రల్ తీసుకోవడం నేనూ చూసినవాడినే. ఫ్రిజ్ గురించిన తొందరలో నేను స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్న మాట వాస్తవం. సరిగ్గా ఆ సమయంలో అన్న వచ్చారు.

"వద్దు సార్, అట్ల చేస్తే అన్నీ ఎలుగుతాయి గానీ బండి బాడీకి కరెంటొస్తాది. అవ్వ నేల మీద కాలు పెట్టి ఆ కమ్మీ పట్టుకుంటే ఏం గావాల?" అన్నారు. తరువాత తీరిగ్గా వివరించారు. బండి రబ్బరు చక్రాల మీద నిలబడి ఉంటుంది కనుక దాని ఇనుప శరీరానికి, నేలకు మధ్య వేరే దారి ఉండదు. న్యూట్రల్‌లో పోవలసిన కరెంటును, బండి శరీరానికి కలిపి ఉన్న ఎర్త్ తీగలోకి మళ్ళిస్తే అది తోటలోని ఎర్త్ ఊచ దాకా పోవాలి. వేసవిలో ఎండిపోయిన రాతినేలలో ఆ ఊచ కరెంటును సరిగ్గా లాక్కోదు. అప్పుడు బండి తలుపు, మెట్టు, పట్టుకునే కమ్మీ అన్నీ షాకు కొట్టే స్థితికి వస్తాయి, కింద నిలబడి ముట్టుకున్న మనిషే నేలకు దారి అవుతాడు. మా పిల్లలిద్దరూ చెప్పులు లేకుండా ఆ మెట్టు దగ్గరే ఆడుకుంటున్నారు. ఈ లేఖ రాయడానికి అన్నింటికన్నా ముఖ్యమైన కారణం ఆయన చెప్పిన ఆ ఒక్క "వద్దు".

ఆ తరువాత ఆయన బండిలోని స్విచ్చులన్నీ ఆపించి మళ్ళీ టెస్టరు పెట్టారు. ఈసారి న్యూట్రల్ రంధ్రంలో వెలగలేదు. అంతకుముందు అక్కడ కనిపించింది, ఆన్‌లో ఉన్న వస్తువుల గుండా వచ్చి, ముందుకు పోవడానికి దారి లేక నిలిచిన ఫేజేనని, అంటే బండికి అవతల ఎక్కడో న్యూట్రల్ తెగిందని ఆయన తేల్చారు. మల్టీమీటరుతో కేబుల్ చివర చూస్తే ఫేజు, న్యూట్రల్ మధ్య 200కు పైగానే వోల్టులు చూపించింది. నేనైతే అక్కడ కరెంటు బాగానే ఉందని వదిలేసేవాడిని. ఆయన అదే చోట 100 వాట్ల బల్బు తగిలించారు. బల్బు వెలగలేదు, మీటరు అంకె ఒక్కసారిగా పడిపోయింది. మసి పట్టిన కనెక్షన్ గుండా మీటరుకు చాలినంత కరెంటు జారుతుందే తప్ప బల్బు లోడును అది మోయలేదని చూపించారు. తోట సాకెట్టులో మాత్రం అదే బల్బు నిండుగా వెలిగింది.

కేబుల్‌కు బండి వైపున ఉన్న నీలిరంగు ఇండస్ట్రియల్ ప్లగ్గు విప్పగానే సంగతి బయటపడింది. న్యూట్రల్ స్క్రూ వదులైపోయి, తీగలోని పోగుల్లో సగమే దాని కింద ఉన్నాయి. అవి కాలి, పిన్ను నల్లబడి, పక్కన ఇన్సులేషన్ కరిగిపోయింది. గీజరు 2000 వాట్లు, ఏసీ సుమారు 1200 వాట్లు; రెండూ కలిస్తే 230 వోల్టుల దగ్గర దాదాపు 14 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ అందుకే పడలేదు, కానీ వదులు స్క్రూ దగ్గర అంత కరెంటు గంటలకొద్దీ పోతే వేడెక్కక తప్పదు. దానికి తోడు కేబుల్ 1.5 చదరపు మిల్లీమీటర్ల సన్నది, సగం డ్రమ్ముకు చుట్టే ఉంది. ముట్టుకుంటే వెచ్చగా తగిలింది. వాడేటప్పుడు డ్రమ్ము మీద ఒక్క చుట్టు కూడా మిగలకుండా విప్పి పరచాలని నాకు అప్పటిదాకా తెలియదు.

నల్లబడిన ప్లగ్గునే గీకి బిగిస్తే అప్పటికి పని జరిగేది. ఆయన ఒప్పుకోలేదు. మళ్ళీ జమ్మలమడుగు వెళ్ళి, అంటే రానూపోనూ 30 కిలోమీటర్లు, కొత్త ప్లగ్గు తెచ్చి, కాలిన తీగను జానెడు కత్తిరించి, పోగులకు లగ్గులు (తీగ చివర బిగించే లోహపు తొడుగులు) వేసి బిగించారు. కరెంటు వచ్చాక ఆర్‌సీసీబీ టెస్ట్ మీట నొక్కి, అది పడుతుందని కళ్ళారా చూపించారు. కూలి కింద 300 రూపాయలు, ప్లగ్గు ధర తీసుకున్నారు. నేను ఎక్కువ ఇవ్వబోతే, ఆ డబ్బు పెట్టి 2.5 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ కొనుక్కోమన్నారు. అనంతపురం చేరిన మరుసటి రోజే కొన్నాను.

మరునాడు ఉదయం తొమ్మిదింటికి ఆయనే ఫోను చేశారు. ఏసీ వేసి గంట దాటిందా అని అడిగి, ప్లగ్గును పైనుంచి చేత్తో తాకి చూసి చెప్పమన్నారు. తాకి చూశాను. చల్లగా ఉంది.