అమ్మ, చింతపండు, నా వాటర్ బ్లాకు

ఒరేయ్ బకెట్టూ,

తిట్టుకో, పడతాను. నీ మెయిలు ఉగాదికొచ్చింది, నేను ఆషాఢంలో జవాబు రాస్తున్నా. ముహూర్తాలు లేవు కాబట్టి ఈ మాత్రమైనా కుదిరింది. ఇక్కడంతా మామూలే, చెల్లికి బందరు సంబంధం వాళ్ళు ఇంకా ఏమీ తేల్చలేదు, నాన్న షుగరు అదుపులోనే ఉంది, మైసూర్‌పాక్ డబ్బా ఎక్కడుందో ఆయనకింకా తెలీదు కాబట్టి. విశేషాలు అయిపోయాయి. ఇప్పుడు అసలు కథ విను, ఎవరికీ చెప్పుకోలేక చస్తున్నా.

నా పెళ్ళి వీడియోల ఎడిటింగ్ రూము తెలుసుగా, మేడ మీద రేకుల గది, మే నెలలో బెజవాడ ఎండకి అందులో మనిషే రెండర్ అయిపోతాడు. నా కంప్యూటర్ ప్రాసెసర్ 5950ఎక్స్‌కి ఉన్న ఎయిర్ కూలర్ మోతకి పెళ్ళి మంత్రాల ఆడియో కూడా సరిగా వినపడట్లేదని నీళ్ళు తిప్పి చల్లబరిచే లిక్విడ్ కూలింగ్‌కి దిగా. (304 రూమ్ కూలర్ సంగతి ఎత్తావో, చంపుతా.) పంపు, నీళ్ళ వేడిని గాల్లోకి వదిలే 360 మిల్లీమీటర్ల రేడియేటరు రెండ్రోజుల్లో తేలిపోయాయి. రేడియేటరు మాత్రం రాగిదేనా అని నాలుగుసార్లు అడిగి కొన్నా, అల్యూమినియందైతే ప్రాసెసర్ మీద కూర్చుని లోపల నీళ్ళు పారే రాగి బ్లాకుతో కలిసి అదే నీళ్ళలో బ్యాటరీలాగా తయారై అల్యూమినియాన్ని తినేస్తుందిగా. బ్లాకు దగ్గరే రెండు నెలలు కొట్టుకున్నా. లోపల నీళ్ళు కనపడేలా అక్రిలిక్ మూత, చుట్టూ లైట్లు ఉన్నదాని మీదే మనసు. నువ్వేమో "పెళ్ళి మండపం కాదురా, మూత ఎలా ఉంటే ఏంటి, అడుగున ప్లేటు చూడు, దాని మీది సన్నటి రేకులు, అదే ఫిన్స్, చూడు" అన్నావు. కరెక్టే. 142 వాట్ల వేడి, నిమిషానికి 4 లీటర్ల నీళ్ళు పారితే బ్లాకులోకెళ్ళే నీళ్ళకీ బయటికొచ్చే నీళ్ళకీ తేడా అర డిగ్రీయే, లెక్క నేనే వేశా. అంటే పని అంతా ఆ ఫిన్స్ దగ్గరే జరుగుతుందన్నమాట. ఈ లెక్క గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

చివరికి నల్ల అసిటాల్ ప్లాస్టిక్ మూత, నికెల్ పూత లేని ఉత్త రాగి ప్లేటు ఉన్నది సెకండ్ హ్యాండ్‌లో మూడు వేల రెండొందలకి దొరికింది. "నీటుగా వాడాను బ్రో" అన్నాడు అమ్మినోడు. మూత విప్పితే ప్లేటు అమ్మమ్మ కాలం నాటి కాగులా నల్లగా ఉంది. ఫిన్స్ మధ్య సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు, అందులో వాడెవడో వాడిన రంగు కూలెంటు పచ్చగా, పాచిలాగా పేరుకుపోయి ఉంది. సర్లే, వెనిగర్‌లో నానబెడదాం అని వంటింటి గట్టు మీద పెట్టి, క్లయింటు ఫోనొస్తే మేడెక్కా. పెళ్ళికొడుకు బొట్టు కలర్ మార్చమంటాడు, ముప్పావుగంట తిన్నాడు.

దిగొచ్చేసరికి బ్లాకు లేదు! పెరట్లో అమ్మ, శుక్రవారం పూజకని ఇత్తడి చెంబులూ హారతి పళ్ళెం ముందేసుకుని తోముతోంది. వాటి మధ్యలో నా ప్లేటు, బంగారంలా ధగధగా మెరుస్తోంది. "రాగేగా రా, చింతపండూ ఉప్పూ వేసి రుద్దా, చూడు ఎలా ఉందో" అంది. నిజం చెప్పొద్దూ, నా మొహం వెలిగిపోయింది. నీకు ఫొటో పంపింది అప్పుడే, నువ్వు గుండెల బొమ్మ పెట్టావు, అది వెనక్కి తీసుకో.

నీళ్ళు కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగు సర్ది, మూత బిగించి, మదర్‌బోర్డుకి కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే తిప్పి, జాయింట్లన్నిటికీ టిష్యూలు చుట్టి రాత్రంతా కాపలా కాశా. చుక్క కారలేదు. పొద్దున్నే కొబ్బరికాయ కొట్టి (నవ్వకు) ఫైనల్ వీడియో తయారుచేసే రెండర్ పెట్టా. ఐదు నిమిషాలు. 90 డిగ్రీలు. ప్రాసెసర్ స్పీడు (క్లాకు) పడిపోయింది. పాత కూలరే నయం!

ఆ రెండ్రోజులు ఎలా గడిచాయో అడక్కు. ప్రాసెసర్‌కీ బ్లాకుకీ మధ్య రాసే పేస్టు మార్చా, పంపుని తిట్టా, నీళ్ళు వెళ్ళే పోర్టూ వచ్చే పోర్టూ తారుమారు చేశానేమో అని చూశా, కాదు, మధ్య పోర్టులోకే వెళ్తున్నాయి. ఇంకోపక్క జ్యేష్ఠ మాసం పెళ్ళి ఆల్బమ్ వాళ్ళు రోజూ ఫోన్లు. ఒకసారైతే అంతా అమ్మేసి... సరే వదిలెయ్. చివరికి ఊరికే ట్యూబులు పట్టుకుని చూశా. ఒకటి చల్లగా, ఒకటి స్పష్టంగా వేడిగా! అర డిగ్రీ తేడా చేతికి తెలుస్తుందా? తెలీదు. అంటే నీళ్ళు పారట్లేదు, కారుతున్నాయంతే.

బ్లాకు ఊడదీద్దామని లాగా, టక్కుమంది. ప్రాసెసర్ దానికి అతుక్కుని సాకెట్‌లోంచి ఊడొచ్చేసింది రా! 1331 పిన్నులు గాల్లో. మెలితిప్పి తియ్యాలని నాకు తెలుసు, పదిమందికి చెప్పేది నేనేగా. కూర్చుండిపోయా. రెండంటే రెండు పిన్నులు వంగాయి, ఏటీఎం కార్డు అంచుతో ఊపిరి బిగబట్టి నిలబెట్టా, దేవుడున్నాడు.

తర్వాత మూత విప్పి సెల్ లైటు వేసి చూస్తే, ఫిన్స్ మధ్యలో అడ్డంగా, నీట్‌గా పేనినట్టు, చింతపండు పీచు. పైనుంచి నీళ్ళు చిమ్మే సన్నటి చీలికలో కూడా ఓ ఉండ. మెరుపు చూసి మురిసిపోయానే గానీ సందుల్లోకి చూళ్ళేదు. పిన్నీసుతో గంటన్నర, కొత్త టూత్‌బ్రష్‌తో ఇంకో అరగంట. ఇప్పుడు అదే రెండర్‌కి, గదిలో 34 ఉన్నప్పుడు, 69 దాటట్లేదు, ఫ్యాను మోత లేదు, పురోహితుడి గొంతు కూడా స్పష్టంగా వినపడుతోంది, పాపం ఆయనకి జలుబు.

అమ్మకి చూపించా పీచు. "పిసికి వడకట్టి వాడాలి రా, చారుకైనా అంతే, నువ్వు చెప్పలేదుగా అందులోంచి నీళ్ళు పోతాయని" అంది. ఏమనాలి?

నీకు అక్కడ డబ్లిన్‌లో కిటికీ తీస్తే చాలు, మాకు ఇన్ని కష్టాలు. ఇంకో విషయం, అక్రిలిక్ బ్లాకు ఒకటి మళ్ళీ అమ్మకానికి కనపడింది, లైట్లతో, నేనేం కొనట్లేదు గానీ నువ్వు ఒక్కసారి దాని ఫొ

కరెంటు పోయింది, యూపీఎస్ కూస్తోంది, ఇలాగే పంపేస్తున్నా