మీ తేలిక పరుగుల నుంచి పేస్ తీసేస్తున్నాను

నా దగ్గర శిక్షణ తీసుకుంటున్న అందరికీ,

వచ్చే సోమవారం నుంచి మీకు అందే పట్టికలో ఒక గడి ఖాళీగా ఉంటుంది. తేలిక పరుగు రోజున పేస్, అంటే కిలోమీటరుకు ఎన్ని నిమిషాలో రాసే గడి అది. కావాలనే ఖాళీగా వదిలాను.

ఇన్నాళ్లూ ఆ అంకె రాసింది నేనే. అది లేకపోతే తీసుకున్న ఫీజుకు తగ్గ పని చేయలేదని మీరు అనుకుంటారేమోనని భయపడ్డాను. నేను ఆరు నిమిషాలని రాస్తే చాలామంది కిలోమీటరును 5 నిమిషాల 40 సెకన్లలోనే పరుగెత్తి, సంతోషంగా సందేశం పెట్టేవారు. వద్దని చెప్పాల్సింది పోయి మెచ్చుకున్నాను. తీరా కష్టపడాల్సిన ఇంటర్వల్స్ (మధ్యమధ్యలో విరామమిస్తూ వేగంగా పరుగెత్తే) రోజున కాళ్లలో సత్తువ ఉండేది కాదు. ఈ సీజన్‌లో నలుగురు మోకాలి కింద ఎముక నొప్పితో పరుగు ఆపేశారు. అందులో నా బాధ్యత ఉంది. వారిని క్షమించమని విడిగా అడిగాను, ఇక్కడా అడుగుతున్నాను.

తేలికగా పరుగెత్తినా లోపల పని సాగుతూనే ఉంటుంది. గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం పంపగలుగుతుంది. కండరాల్లో సన్నని రక్తనాళాలు, మైటోకాండ్రియా (కణాల్లో శక్తిని తయారుచేసే భాగాలు) పెరుగుతాయి. వేగంగా పరుగెత్తినా ఇవి జరుగుతాయి, నిజమే. కానీ అలాంటి పరుగును మనలో చాలామంది వారానికి రెండుసార్లకు మించి తట్టుకోలేరు. తేలిక పరుగైతే అలవాటైనవారు దాదాపు రోజూ చేయవచ్చు. పైగా ఊపిరి మెరుగుపడినంత త్వరగా ఎముకలు, స్నాయువులు గట్టిపడవు. వాటికి నెలలు పడుతుంది.

న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ శిక్షణలో పీటర్ స్నెల్ వారానికి 160 కిలోమీటర్ల దాకా పరుగెత్తేవాడు. అతని పోటీ రెండు నిమిషాల్లోపే ముగిసే 800 మీటర్లు! 1960లో రోమ్‌లో, 1964లో టోక్యోలో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. ఆ దూరమంతా అతను నింపాదిగా పరుగెత్తలేదు. అయినా అందులో ఎక్కువ భాగం ఊపిరి అదుపులో ఉండే పరుగే.

ఇక మీ కొలత మాటే. ఆయాసపడకుండా రెండు మూడు వాక్యాలు వరుసగా మాట్లాడగలగాలి. ఒంటరిగా ఉంటే పైకే మాట్లాడుకోండి. ఎత్తు వస్తే నడవండి, ఎండ ఎక్కువైతే ఇంకా తగ్గించండి. ఇంటర్వల్స్ పేస్ మాత్రం ఎప్పటిలాగే రాస్తాను.

ఈ పద్ధతి నచ్చనివారికి మిగిలిన నెలల ఫీజు తిరిగి ఇచ్చేస్తాను, కారణం అడగను. కొత్త పట్టికలు ఆదివారం సాయంత్రానికి మీకు చేరతాయి.