నేవీలోనూ పైలట్లు ఉంటారు

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఈ నెల 4న నౌకాదళ దినోత్సవం సందర్భంగా మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. 1971 డిసెంబర్‌లో కరాచీ రేవు మీద మన మిసైల్ బోట్లు చేసిన దాడి గురించి ఏటా వచ్చేదే మళ్లీ వచ్చింది. దానికి వంక పెట్టను. కానీ అదే వారం మా ఇంట్లో జరిగిన ఒక చిన్న గొడవ వల్ల ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు.

మా మనవరాలు తొమ్మిదో తరగతి చదువుతోంది. స్కూల్లో ‘నాకు నచ్చిన యుద్ధ వీరుడు’ అని వ్యాసరచన పోటీ పెడితే నౌకాదళ మాజీ ప్రధానాధికారి అడ్మిరల్ అరుణ్ ప్రకాశ్ గారి గురించి రెండు పేజీలు రాసింది. మొదటి పేజీలోనే ‘నౌకాదళ పైలట్’ అన్న మాట కింద ఎర్ర గీత. పక్కన ‘నేవీలో ఉండేవి ఓడలు. ఎయిర్‌ఫోర్స్ అని రాయాలి’ అని దిద్దుబాటు. పిల్ల ఏడుపు మొహంతో ఇంటికొచ్చింది. నేనూ లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన వాణ్ణే. ఆ ఎర్ర సిరాతో ఎన్ని తప్పులు దిద్దానో, ఎన్ని ఒప్పులు కొట్టేశానో నాకే తెలియదు. అందుకని ఆ టీచరు గారిని అనడానికి నోరు రావడం లేదు. పైగా అరుణ్ ప్రకాశ్ గారి విషయంలో ఆ దిద్దుబాటులో సగం నిజం ఉంది. అసలు తమాషా అదే.

ఆయన నేవీ ఆఫీసరు. 1966లో కమిషన్ పొంది, మన విమానవాహక నౌక విక్రాంత్ మీద ఉండే సీ హాక్ జెట్ విమానాలు నడిపారు. 1971 యుద్ధం వచ్చేసరికి ఆయన వయసు 27. అప్పుడాయన విక్రాంత్ మీద లేరు. ఒక దళం పైలట్లను ఇంకో దళానికి పంపే ఏర్పాటు కింద వాయుసేనలో, 20వ స్క్వాడ్రన్‌లో (విమానాల దళంలో), హంటర్ విమానాలు నడుపుతున్నారు. తన సొంత స్క్వాడ్రన్ బంగాళాఖాతంలో యుద్ధం చేస్తుంటే ఈయన సముద్రానికి అంత దూరాన, పఠాన్‌కోట్ నుంచి పాకిస్తాన్ లోపలికి వెళ్లి విమాన స్థావరాల మీద దాడులు చేశారు. అలాంటి ఒక దాడి ఇస్లామాబాద్ దగ్గర చక్లాలా మీద జరిగింది. ఆ రోజు అక్కడ ధ్వంసమైన వాటిలో ఒక చిన్న అమెరికన్ విమానం ఉంది. అది చక్ యేగర్‌ది. 1947లో ధ్వని వేగాన్ని మొదటిసారి దాటిన పైలట్ ఆయనే. అప్పట్లో అమెరికా రక్షణ ప్రతినిధిగా పాకిస్తాన్‌లో ఉండేవారు. తన విమానం కాలిపోయిందని యేగర్‌కు వచ్చిన కోపం అంతా ఇంతా కాదట. ఆ సంగతి అరుణ్ ప్రకాశ్ గారే తర్వాత సరదాగా రాశారు. ఈ ముక్క మా మనవరాలి వ్యాసంలో కూడా ఉంది. దాని కింద మాత్రం గీత పడలేదు.

ఆ యుద్ధంలో ఆయనకు వీరచక్ర వచ్చింది. అంటే వాయుసేన విమానం నడిపి వీరచక్ర తెచ్చుకున్న నేవీ మనిషి. టీచరు గారికి తికమక కలిగిందంటే కలగదూ!

ఇంతకీ ఆయన లేని విక్రాంత్ మీద ఏం జరిగిందో మన తీరం వాళ్లకైనా తెలియాలి. కరాచీ మీద దాడి జరిగిన డిసెంబర్ 4నే విక్రాంత్ సీ హాక్‌లు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న కాక్స్ బజార్ మీద పడ్డాయి. ఆ తర్వాత చిట్టగాంగ్, ఖుల్నా, మోంగ్లా. విక్రాంత్ బాయిలర్లలో ఒకదానికి పగులు ఉండి ఓడ పూర్తి వేగంతో పోలేని పరిస్థితి. అయినా విమానాలు లేచాయి, తిరిగొచ్చి దిగాయి. ఆ స్క్వాడ్రన్ నాయకుడు లెఫ్టినెంట్ కమాండర్ సంతోష్ కుమార్ గుప్తాకు మహావీరచక్ర వచ్చింది. రెండుసార్లు విమానానికి దెబ్బ తగిలినా దాన్ని ఓడ మీదికి తెచ్చి దింపారాయన. విక్రాంత్ కోసం వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గర మునిగిందని అందరికీ తెలుసు. కానీ ఆ విక్రాంత్ మీది నుంచి ఎగిరిన వాళ్ల పేర్లు అడిగితే చెప్పేవాళ్లు లేరు. మీ కథనంలోనూ అరేబియా సముద్రమే ఉంది, మన బంగాళాఖాతం ఒక్క వాక్యంలో సరి.

ఓడ మీద విమానం దింపడం అంటే ఏమిటో మన జిల్లాల పిల్లలకు చెప్పడం తేలిక. కొరిశపాడు దగ్గర హైవే మీద వాయుసేన విమానాల కోసం రన్‌వే కట్టారు కదా. 2022 డిసెంబర్‌లో ట్రయల్స్ జరిగినప్పుడు అది బాపట్ల జిల్లా. అంతకు ఎనిమిది నెలల ముందు దాకా ప్రకాశం. (మా ఉలవపాడుదీ అదే కథ. జిల్లాలు మార్చినప్పుడు ప్రకాశంలో పడుకుని నెల్లూరులో లేచాం.) ఆ రన్‌వే పొడవు నాలుగు కిలోమీటర్లు. పాత విక్రాంత్ మొత్తం పొడవు సుమారు 210 మీటర్లు. అందులో దిగడానికి పనికొచ్చేది ఇంకా తక్కువ. అదైనా కదలకుండా ఉంటుందా? అల మీద లేస్తుంది, పడుతుంది, పక్కకు ఒరుగుతుంది. విమానం తోక కింద ఉండే కొక్కెం డెక్ మీద అడ్డంగా కట్టిన ఇనుప తాళ్లలో ఒకదాన్ని పట్టుకోవాలి. దొరకలేదా, అప్పటికప్పుడు మళ్లీ గాల్లోకి లేవాలి. అందుకే చక్రాలు డెక్‌ను తాకగానే పైలట్ ఇంజిన్ వేగం తగ్గించడు, పెంచుతాడు. మా పక్క పల్లెపాలెంలో పోటు మీద పడవను ఒడ్డుకు తెచ్చే పెద్దమనిషికి ఈ సంగతి చెబితే, ‘అల చూసి రావాల కదయ్యా, అల మన మాట వింటదా’ అన్నాడు. నేను ఇన్ని వాక్యాలు రాసిన దాన్ని ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు.

1983లో నిట్టనిలువుగా దిగగలిగే సీ హారియర్ విమానాలు మన నేవీకి వచ్చాయి. ఆ స్క్వాడ్రన్‌కు నాయకుడు అరుణ్ ప్రకాశ్ గారే. ఇంగ్లాండులో శిక్షణ పొంది, అక్కడి నుంచి వాటిని గోవా దాకా నడిపించుకొచ్చి, ఆ డిసెంబర్‌లోనే విక్రాంత్ మీద దింపారు. తర్వాత ఇంకో విమానవాహక నౌక విరాట్‌కు కెప్టెన్ అయ్యారు. అండమాన్‌లో మూడు దళాలనూ కలిపి కమాండ్ ఏర్పాటు చేసినప్పుడు దానికి మొదటి అధిపతి. 2004 జులై నుంచి 2006 అక్టోబర్ దాకా నౌకాదళ ప్రధానాధికారి.

ఆ తేదీలు ఒకసారి మళ్లీ చూడండి. 2004 డిసెంబర్ 26, ఆదివారం పొద్దున మన తీరం మీదికి సునామీ వచ్చింది ఆయన హయాంలోనే. మన తీరానికి, తమిళనాడుకు సాయం చేసే పనికి నేవీ పెట్టిన పేరు ‘ఆపరేషన్ మదద్’. అండమాన్‌కు, శ్రీలంకకు, మాల్దీవులకు, ఇండోనేషియాకు వేరేవేరుగా ఓడలు, హెలికాప్టర్లు వెళ్లాయి. మొత్తం 30కి పైగా ఓడలు. ఆ హెలికాప్టర్లు నడిపింది కూడా నేవీ పైలట్లే. పల్లెపాలేల్లో ఆ రోజు వల, పడవ, ఇల్లు పోగొట్టుకున్న వాళ్ల పిల్లలే ఇప్పుడు మన హైస్కూళ్లలో, జూనియర్ కాలేజీల్లో ఉన్నారు. వాళ్లకు ‘నేవీలో ఉండేవి ఓడలే’ అని నేర్పితే ఎలా?

అసలు బాధ మార్కుల గురించి కాదు. పైలట్ కావాలంటే ప్రైవేటు అకాడమీలో లక్షలకు లక్షలు పొయ్యాలని మా చుట్టుపక్కల తల్లిదండ్రులు నమ్ముతున్నారు. కొందరు పొలం బేరానికి కూడా పెట్టారు. ఇంటర్‌లో ఎంపీసీ చదివే పిల్లలు ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాయొచ్చు. ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. ఎంపికైతే చదువు, భోజనం, వసతి ప్రభుత్వమే చూసుకుంటుంది. 2022 నుంచి ఆడపిల్లలనూ చేర్చుకుంటున్నారు. నేవీ ఫైటర్ విభాగానికి ఎంపికైన మొదటి మహిళ ఆస్థా పూనియాకు 2025 జులైలో పైలట్ల రెక్కల బ్యాడ్జీ ఇచ్చింది మన విశాఖలోనే. ఈ మాట చెప్పే లెక్చరర్ ఎంతమంది? ఇంజినీరింగ్, మెడికల్ కోచింగ్ బోర్డుల మధ్య ఎన్డీఏ నోటిఫికేషన్ ఒక్క కాగితం అంటించడానికి నోటీసు బోర్డులో చోటు లేదా? ఆ పరీక్ష పేపరు ఇంగ్లీషులో, హిందీలోనే ఉండటం ఇంకో తలనొప్పి. తెలుగు మీడియం పిల్లలు దాంతోనే సగం జంకుతారు. దాని గురించి మన ఎంపీలు పార్లమెంటులో ఒక ప్రశ్న వేస్తే బాగుంటుంది.

మీకు నా విన్నపం ఒక్కటే. వచ్చే డిసెంబర్ 4కి కరాచీ కథనం మళ్లీ వేసే బదులు, మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల నుంచి నేవీలో చేసి వచ్చినవాళ్లను పలకరించండి. 1971లో విక్రాంత్ డెక్ మీద విమానాలకు ఇంధనం పట్టినవాళ్లు, రెక్కలు మడిచినవాళ్లు, కొక్కెం తగిలిందా లేదా అని కళ్లప్పగించి చూసినవాళ్లు మన ఊళ్లలో ఉండకపోరు. వాళ్లకు 75 దాటి ఉంటాయి. జిల్లా ఎడిషన్‌లో అరపేజీ చాలు. విద్యాశాఖ వారు వాళ్లను ఏడాదికి ఒక పూట తీరం స్కూళ్లకు పిలిస్తే మరీ మంచిది. వాళ్లకు శాలువాలు కప్పకపోయినా ఫర్వాలేదు, మైకు ఇస్తే చాలు.

ఈ నెలలోనే ఎన్డీఏ నోటిఫికేషన్ వచ్చే వేళ. మా మనవరాలికి ఇంకా టైముంది. ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న పక్కింటి అమ్మాయికి మాత్రం నేనే చెప్పొచ్చాను. ‘నిజంగా నేవీలో విమానాలుంటాయా తాతా?’ అని అడిగింది. ఎర్ర గీత ఉన్న ఆ వ్యాసం తీసి చదవమని ఇచ్చాను.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల మాస్టారు,
ఉలవపాడు మండలం.